కాసేపు కూర్చుని వెళ్దాం

గుడికి వెళ్ళినవాళ్ళు దర్శనం కాగానే బయటికి వచ్చేయరు. ప్రదక్షిణం చేస్తారు, తీర్థం పుచ్చుకుంటారు, ఆ తర్వాత మండపంలో ఏ స్తంభానికో ఆనుకుని కాసేపు కూర్చుంటారు. ఎందుకని అడిగితే ఎవరూ పెద్దగా చెప్పలేరు. కూర్చోకుండా వెళ్ళకూడదని చిన్నప్పుడు నాయనమ్మో అమ్మమ్మో చెప్పింది, కూర్చుంటున్నాం, అంతే. మాచర్లలో చెన్నకేశవుడి గుడిలోనైనా, నరసరావుపేట పక్కన కోటప్పకొండ మీదైనా రోజూ కనిపించేదే ఇది. కొబ్బరిచిప్ప పక్కన పెట్టుకుని, ఎటో చూస్తూ ఉంటారు. ఆ మనిషి అంతసేపు ఊరికే కూర్చోవడం ఇంట్లోవాళ్ళు కూడా ఎప్పుడూ చూసి ఉండరు.

అదే మనిషి మ్యూజియానికి వస్తే నడక మారిపోతుంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, ఒక బొమ్మ ముందు నుంచి ఇంకో బొమ్మ ముందుకి, వెనకాల ఎవరో తరుముతున్నట్టు వెళ్ళిపోతుంటాడు. గొంతు తగ్గిపోతుంది. చేతులు వెనక్కి కట్టుకుంటాడు. పిల్లాడు అద్దం మీద వేలు పెడితే చటుక్కున లాగేస్తాడు. చివరి గదిలోంచి బయటపడి ఎండలోకి రాగానే హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటాడు. చూడ్డానికి వచ్చినవాడికి చూడ్డం అయిపోయినందుకు ఆ ఊరట ఎందుకో మరి!

ఇది మన ఒక్కరి అలవాటు కాదు లెండి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక్కో బొమ్మ దగ్గర జనం ఎంతసేపు నిలబడుతున్నారో లెక్కగట్టి, 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. సగటున 27 సెకన్లు తేలింది. పక్కన ఉన్న చీటీ చదువుకునే సమయం కూడా అందులోనే. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు, 1916లో, బోస్టన్ మ్యూజియంలో పనిచేసే బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ ఒక తమాషా పని చేశారు. ఒక మనిషిని పిలిచి, అద్దాల పెట్టెల్లో ఉన్న వస్తువులు చూడమని చెప్పి, అతను ఎక్కడెక్కడ వంగుతున్నాడో, ఎక్కడ గొంతుక్కూచుంటున్నాడో, మెడ ఎట్లా తిప్పుతున్నాడో ఫొటోలు తీయించారు. వాటితో మ్యూజియం అలసట మీద వ్యాసం రాశారు. మనకి కాళ్ళు పీకేది మన వయసు వల్లే కాదని, అది వస్తువులు పెట్టిన తీరులో కూడా ఉందని నూరేళ్ళ కిందటే ఒకాయన పట్టించుకున్నాడంటే మోకాళ్ళ నొప్పులవాళ్ళకి కాస్త ఓదార్పే.

అలసట కాళ్ళకే అయితే ఫర్వాలేదు. మ్యూజియంలో మనసుకు పట్టే అలసట ఒకటుంది. అది తెలియనితనం వల్ల వచ్చే బెరుకు. ఇదేమిటో నాకు అర్థం కావడం లేదు, పక్కవాళ్ళకి అర్థమైనట్టుంది, అడిగితే నవ్వుతారేమో అన్న సంకోచం. చీటీ మీద రాసిన మాటలు చూస్తే అది మరింత పెరుగుతుంది. గుడిలో ఈ బాధ లేదు. చెన్నకేశవుడి గుడి స్తంభాల మీది శిల్పాలు ఏ కాలానివో ఎవరికి తెలుసు? తెలియకపోయినా ఎవరూ పరీక్ష పెట్టరు. అక్కడికి మనం నేర్చుకోవడానికి రాలేదు. మ్యూజియంలోకి అడుగుపెట్టగానే మాత్రం ఎందుకో మళ్ళీ బడిపిల్లలం అయిపోతాం.

మనసు బాగోలేనప్పుడు మన వైపు పెద్దవాళ్ళు చెప్పే మందు ఒకటే. "ఎటైనా పోయి రారా, మనసు కాస్త కుదుటపడిద్ది." ఎటైనా అంటే గుడి. కాకపోతే అక్కగారి ఊరు. వానాకాలంలో అయితే గేట్లు ఎత్తారని తెలిసి సాగర్ డ్యామ్. ఇంటర్ ఫలితాలు వచ్చి గది తలుపేసుకున్న పిల్లవాడికీ, మిరప ధర పడిపోయి మాట తగ్గిపోయిన తండ్రికీ, ఇంటి పెద్దదిక్కు పోయి సంవత్సరీకం దాటినా తేరుకోని ఇల్లాలికీ అదే మాట చెప్తాం. ఆ జాబితాలో మ్యూజియం మాత్రం ఎప్పుడూ ఉండదు. మ్యూజియం అంటే విహారయాత్ర. బడివాళ్ళు బస్సులో తీసుకెళ్ళి, వరసగా నిలబెట్టి, వరసగా తీసుకొచ్చేది.

కెనడాలోని మాంట్రియల్‌లో 2018లో ఈ జాబితాను కొంచెం పొడిగించారు. అక్కడి డాక్టర్లు మందుల చీటీ రాసినట్టే లలిత కళల మ్యూజియానికి వెళ్ళి రమ్మని చీటీ రాయడం మొదలుపెట్టారు. ఆ చీటీ పట్టుకెళ్తే టికెట్ అక్కర్లేదు, ఇంటివాళ్ళను కూడా వెంట తీసుకెళ్ళొచ్చు. కొన్నేళ్ళకు బ్రస్సెల్స్‌లోనూ ఒక ఆసుపత్రి వైద్యులు ఇలాంటిదే చేశారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు వేలకు పైగా అధ్యయనాలు కలిపి చూసి, పాటైనా బొమ్మైనా ఆటైనా మనిషి ఒంటికీ మనసుకీ మేలు చేస్తాయని ఒక నివేదికలో చెప్పింది. మన నాయనమ్మలు చూస్తే, ఇంత చిన్న సంగతికి మూడు వేల అధ్యయనాలా అని బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. నిజంగా జబ్బుగా ఉన్నవాళ్ళకి డాక్టరు కావాలి, మందు కావాలి. బొమ్మలు చూసి రమ్మని పంపించి ఊరుకునే వ్యవహారం కాదది. కానీ జబ్బూ కాక, హుషారూ కాక, మధ్యలో బరువుగా తిరిగే రోజులు అందరికీ ఉంటాయి. ఆ రోజుల సంగతే ఇది.

పల్నాటివాళ్ళకి అలాంటి రోజున వెళ్ళదగ్గ చోటు దగ్గరలోనే ఉంది. మాచర్ల దాటి విజయపురి సౌత్ చేరితే, అక్కణ్ణించి లాంచీలో నాగార్జునకొండ. నాకు ఆ మ్యూజియంలో మొదట నచ్చేది అది తలుపు దగ్గర కాకుండా రేవు దగ్గరే మొదలవడం. లాంచీ ఎక్కాక ముప్పావు గంట పాటు చెయ్యడానికి ఏమీ ఉండదు. ఎక్కినవాళ్ళు మొదట ఫొటోలు దిగుతారు, తర్వాత పల్లీలు తింటారు, ఆ తర్వాత మాటలు అయిపోతాయి. నీళ్ళు చూస్తారు. కొండ దగ్గరయ్యేసరికి మనసు కొంచెం సర్దుకుని ఉంటుంది. పెద్ద పెద్ద నగరాల్లో మ్యూజియంవాళ్ళు వచ్చినవాళ్ళ మనసు నెమ్మదించడానికి ఏవేవో ఏర్పాట్లు చేస్తారు. ఇక్కడ కృష్ణమ్మే ఆ పని చేసిపెడుతుంది.

నిజానికి ఆ నీళ్ళ కిందే ఉంది అసలు ఊరు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాల నాటిది. 1926లో ఆ లోయ సంగతి బయటపడింది. పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు, తర్వాత టి.ఎన్. రామచంద్రన్ తవ్వించారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునగబోతోందని అంతకుముందే తెలిసి, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా చేతనైనంతా తవ్వి తీశారు. కొన్ని కట్టడాలను ఇటుక ఇటుకగా, రాయి రాయిగా కొండ మీదికి మోశారు. నీళ్ళు నిండాక కొండ దీవి అయింది, 1966లో అక్కడ మ్యూజియం వచ్చింది. లోపల ఆ లోయ నమూనా ఒకటి ఉంది, ఏ స్తూపం ఎక్కడుండేదో, ఏ విహారం ఎక్కడుండేదో చూపిస్తూ. ఆ లోయలో ఇక్ష్వాకుల ఊరే కాదు, మన కాలపు ఊళ్ళూ ఉండేవి. వాటిని ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పుడు అదే నీళ్ళతో పండిన బియ్యం తింటున్నారు. పోయినదాన్ని పోయిందని ఒప్పుకుంటూనే, మిగిలినదాన్ని జాగ్రత్తగా పైకి తెచ్చి పెట్టుకున్న చోటు అది. బరువుతో వచ్చిన మనిషికి ఆ సంగతి ఎవరూ వివరించనక్కర్లేదు.

లోపలి శిల్పాలు ఎక్కువగా పల్నాటి సున్నపురాయే. లేత ఆకుపచ్చ చాయ కలిసిన తెలుపు. మన ఇళ్ళల్లో నేల మీద పరుచుకునే నాపరాయికి చుట్టమే ఆ రాయి, కాకపోతే ఉలి బాగా పలికింది. వాటిని చేసినవాళ్ళు గోడకు వేలాడదీసి వరసగా చూడమని చేయలేదు. స్తూపం చుట్టూ అమర్చారు. జనం ప్రదక్షిణం చేస్తూ, కథ నడుస్తుంటే తామూ నడుస్తూ, ఒక చుట్టులో చూడనిది ఇంకో చుట్టులో చూస్తూ తిరిగేవారు. చుట్టు తిరగడం అయిపోయాక వాళ్ళూ ఏ నీడనో కూర్చునే ఉంటారు. చూడ్డమంటే ఎట్లాగో మన కాళ్ళకి వెయ్యిన్నర ఏళ్ళకు ముందే తెలుసు. మ్యూజియంలో ఆ తెలిసిన నడకను మర్చిపోయి, కొత్త నడక నేర్చుకోబోయి అలసిపోతున్నామేమో అనిపిస్తుంది.

ఆ శిల్పాల్లో నందుడి కథ ఉంది. నందుడు బుద్ధుడికి తమ్ముడు. భార్య మీద ప్రాణం. అన్నగారు భిక్షువును చేశారు గానీ, గుండు చేయించుకున్నా మనసు ఇంటి దగ్గరే ఉండిపోయింది. అప్పుడు బుద్ధుడు అతన్ని స్వర్గానికి తీసుకెళ్తూ దారిలో ఒక కోతిని చూపించాడని, పైన అప్సరసలను చూపించాడని కథ. కథలో నీతి ఏమైనా కానీయండి, మనిషి ఒకచోట, మనసు ఒకచోట అయిన వాడి అవస్థను ఒక శిల్పి రాతి మీద చెక్కడానికి తగిన విషయం అనుకున్నాడు. హాస్టల్లో చేరిన మొదటి నెలలో ఉన్న పిల్లవాడిని ఎవరైనా ఆ రాతి ముందు నిలబెట్టి, పేర్లూ తేదీలూ ఏమీ చెప్పకుండా, ఈ కథ ఒక్కటి చెబితే చాలు. 27 సెకన్లలో కదలడు.

ఇంకో గుంపు రాళ్ళున్నాయి. ఛాయాస్తంభాలంటారు. చనిపోయినవాళ్ళ గుర్తుగా నిలిపినవి. రాజుకొక్కడికే కాదు, సేనానులకు, యుద్ధంలో పోయిన సైనికులకు కూడా నిలిపారు. మన సెంటర్లలో వర్ధంతి ఫ్లెక్సీలు చూస్తుంటాం కదా, ఫొటో పెద్దది వేసి, కింద అశ్రునయనాలతో అని ఇంటిల్లిపాది పేర్లూ రాసి. నగరాల్లోవాళ్ళు వాటిని చూసి నవ్వుతారు గానీ, నాకు నవ్వు రాదు. పోయిన మనిషిని నలుగురూ నడిచే చోట నిలబెట్టుకోవాలన్న ఆశ ఈ నేలకు కొత్త కాదు. కారంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ పాడతారు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి చావులకు ఇప్పటివాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. అందులో బాలచంద్రుడి కోసం కార్చిన కన్నీళ్ళు ఎన్నో, సొంత ఇంట్లో పోయినవాళ్ళ కోసం కార్చినవి ఎన్నో ఎవరు విడదీయగలరు? నలుగురి మధ్య ఏడవడానికి ఒక సాకు దొరుకుతుంది, అది చాలదూ?

మ్యూజియంలో అలా కళ్ళు తుడుచుకున్నవాళ్ళను నేను చూడలేదు. కన్నీళ్ళు వచ్చినా ఆపుకుంటారనుకుంటాను. కాపలా ఉన్నాయన చూస్తాడు, వెనకాల పిల్లలు వస్తున్నారు, లాంచీ మళ్ళీ ఎప్పుడు కదుల్తుందో. ఆ లాంచీ గోలే పెద్ద గోల. నెమ్మదిగా తీసుకొచ్చిన లాంచీయే తొందరపెట్టి తీసుకెళ్తుంది. కొండ మీద సుమారు గంట. అందులో మెట్లెక్కడం, నీళ్ళు తాగడం, పిల్లల్ని లెక్కపెట్టుకోవడం పోగా శిల్పాలకు దక్కేదెంత? లాంచీవాళ్ళనూ అనలేం, సాయంత్రంలోపు అందరినీ ఒడ్డుకు చేర్చాలి కదా. అందుకే అన్నీ చూడాలన్న పట్టుదల వదిలేసి, ఒక్క రాయి దగ్గర ఆగిపోయి, మిగతావి ఇంకోసారికి ఉంచుకునేవాళ్ళను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. వాళ్ళు తెలివైనవాళ్ళు.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక చోట మాత్రం జనం హాయిగా కూర్చుంటారు. గడియారం ముందు. గంట కొట్టే ముందు లోపల్నించి గడ్డం బొమ్మ ఒకటి బయటికి వచ్చి, గంట కొట్టి మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. అది చూడ్డానికి ముందుగానే వచ్చి కుర్చీల్లో సర్దుకుంటారు. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుంటారు, ఎవరో తెలియని పక్కావిడతో ఏ ఊరు మీది అని మాట కలుపుతారు. బొమ్మ కనిపించేది కాసేపే, ఆ ఎదురుచూపే ఎక్కువసేపు. 1951లో మొదలైన ఆ మ్యూజియంలో ముసుగు రెబెకా ఉంది, ఇంకా ఎన్నో అపురూపాలున్నాయి. ఇంటికొచ్చాక పిల్లలు చెప్పేది మాత్రం గడియారం గురించే. అక్కడ కుర్చీలున్నాయి కాబట్టి అనేది నా అనుమానం.

చిన్న గ్యాలరీలకు ఇంకో సుగుణం ఉంది. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల చూడండి. 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళైనా నిండకుండానే పోయాడాయన. గదులు కొన్నే, చిత్రాలు కొన్నే. అన్నీ చూసేయాలన్న ఆరాటం పుట్టనే పుట్టదు. ఒక్క మనిషి కొద్ది ఏళ్ళలో ఏం చేశాడో చూస్తాం, చూసినదాన్నే మళ్ళీ చూస్తాం. నరసరావుపేటలోనో మాచర్లలోనో అలాంటిదొకటి ఉంటే, బస్సుకు ఇంకా అరగంట టైముందని తెలిసినవాళ్ళు లోపలికి తొంగిచూస్తారు కదా అనిపిస్తుంటుంది. ఇది కోరిక కూడా కాదు, ఊరికే పగటికల.

మళ్ళీ విజయపురి దగ్గరికొద్దాం. ఇక్కడ దొరికిన ఒక శాసనంలో విగత జ్వరాలయం అన్న మాట ఉంది. జ్వరం విడిచినవాళ్ళు ఉండే చోటు. జ్వరం ఉన్నవాళ్ళను చూసుకోవడం ఎవరైనా చేస్తారు. జ్వరం దిగిపోయి, నోరు చప్పగా ఉండి, కాళ్ళల్లో సత్తువ లేక, ఇంకా పనిలోకి దిగలేక, ఇక మంచం మీద ఉండలేక ఉన్న మనిషిని ఎవరు పట్టించుకుంటారు? తగ్గిపోయిందిగా అంటారు. వాళ్ళకీ ఒక చోటు కావాలని ఆ లోయలో ఎవరో అనుకున్నారు. పక్కనే శిల్పాలు, పక్కనే నది. మాంట్రియల్ డాక్టర్ల చీటీ గురించి చదివినప్పుడు నాకు వెంటనే ఇదే తట్టింది.

అనుపులో చూడండి, ఆనాటి విజయపురివాళ్ళు కూర్చోవడానికి ఎంత విలువ ఇచ్చారో తెలుస్తుంది. కృష్ణ కుడి ఒడ్డున, విజయపురి సౌత్‌కు దగ్గరే. మునిగిపోయే లోయలోంచి తెచ్చి తిరిగి కట్టిన వాటిలో రంగస్థలం ఒకటి. మధ్యలో దీర్ఘచతురస్రపు ఆవరణ, నాలుగు వైపులా మెట్లు మెట్లుగా కూర్చునే అరుగులు. అక్కడ ఏ ఆటలు ఆడారో, ఏ పాటలు పాడారో ఒక్కటీ మిగల్లేదు. ప్రేక్షకులు కూర్చున్న అరుగులు మిగిలాయి. ఇప్పుడు వెళ్ళినవాళ్ళు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి, శబ్దం ఎట్లా తిరిగొస్తుందో చూస్తారు. మిగతావాళ్ళు చెప్పకుండానే అరుగుల మీద కూలబడతారు. ఏ బోర్డూ ఇక్కడ కూర్చోండి అని చెప్పదు, కూర్చోవద్దు అనీ చెప్పదు. చుట్టూ పొలాలూ కొండలూ నీళ్ళూ. టిఫిన్ డబ్బా తెరుచుకునేవాళ్ళు తెరుచుకుంటారు. పులిహోర వాసన ఇక్ష్వాకుల రంగస్థలానికి అవమానం అని నేననుకోను.

ఆ కాలపు దాతల్లో బోధిసిరి అని ఒక ఉపాసిక ఉండేది. చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. ఆ పుణ్యం ఎవరెవరికి చెందాలో వరసగా పేర్కొంది. భర్త, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఇంకా చుట్టాలు. పెళ్ళి శుభలేఖ మీద ఎవరి పేరు వదిలితే ఎవరికి కోపం వస్తుందోనని ఆలోచించే ఇల్లాలు కళ్ళకు కడుతుంది. అంతమందినీ చెప్పి, ఆఖర్న లోకమంతటికీ మేలు, సుఖం కలగాలని చేర్చింది. ఆ లోకంలో లాంచీ టికెట్ కొనుక్కుని వచ్చే మనమూ ఉన్నట్టే లెక్క.

వెళ్దామనుకునేవాళ్ళకి ఒకటి రెండు మాటలు. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. లాంచీ అన్ని రోజులూ ఒకే తీరున తిరగదు, బయల్దేరే ముందు కనుక్కోవడం మంచిది. తిరగని రోజున అనుపు ఎలాగూ ఉంది. ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్ళండి, మెట్ల మీద రాయి బాగా కాలుతుంది.